ఛార్జింగ్ పోర్ట్‌లో ఆ పచ్చ పొడి ఏంటి?

వైజాగ్ బీచ్‌లో ఫోన్ తడిస్తే "ఐపీ68 కదా బ్రో, ఏం కాదులే" అనేవాడు ప్రతి గ్యాంగ్‌లో ఒకడుంటాడు. ఐపీ68 టెస్ట్ మంచినీళ్లతో చేస్తారు, ఉప్పునీళ్లతో కాదు. పైగా సీల్ ఉండేది ఫోన్ లోపలికే. యూఎస్‌బీ-సీ పిన్నులు ఎప్పుడూ బయటే ఉంటాయి.

ఆ పిన్నులు రాగి మిశ్రమం. పైన నికెల్, దాని మీద పల్చటి బంగారం పూత. బంగారానికి తుప్పు పట్టదు గానీ కేబుల్ పెట్టి తీసే రాపిడికి పూత అరిగి, రాగి బయటపడుతుంది. తడి పోర్ట్‌కి ఛార్జర్ పెడితే 5 వోల్టుల పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య ఉప్పునీరు! ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన ఎలక్ట్రాలిసిస్ అదే. పాజిటివ్ పిన్నులో రాగి కరిగి పచ్చ పొడి అవుతుంది, మామూలు తుప్పు కంటే చాలా ఫాస్ట్‌గా.

అందుకే తడి ఉందని వార్నింగ్ వస్తే నేను పక్కకి తోసేయను, వైర్‌లెస్ వాడతాను. బియ్యం డబ్బా చిట్కా వద్దు, యాపిల్ కూడా వద్దనే అంటోంది. బియ్యం ఉప్పుని తీయలేదు, పైగా నూక పోర్ట్‌లో ఇరుక్కుంటుంది. సముద్రపు నీరైతే, పగుళ్లు లేని ఐపీ68 ఫోన్‌ని ఆఫ్ చేసి మంచినీళ్లతో కడగండి. పోర్ట్ కిందికి ఉంచి మెల్లగా తట్టి, ఫ్యాన్ గాలికి పూర్తిగా ఆరాకే కేబుల్ పెట్టండి.