14 ఏళ్ల తర్వాత ఎక్కడికి? ఆటిజం ఉన్న పిల్లల చదువు, పని

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట వెళ్తుంటే రెండు రకాల బోర్డులు కనిపిస్తాయి. ఒకటి కోచింగ్ సెంటర్లవి. గ్రూప్స్, బ్యాంకు, డీఎస్సీ, సాఫ్ట్‌వేర్ కోర్సులు. రెండోది స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ సెంటర్లవి. మొదటివి ఇరవై దాటిన వాళ్లకు, రెండోవి ఎక్కువగా పదేళ్లలోపు పిల్లలకు. మరి ఆటిజం ఉన్న 14 ఏళ్ల అబ్బాయి, అమ్మాయి ఏ మెట్లు ఎక్కాలి? ఆ బోర్డు మాత్రం ఎక్కడా కనిపించదు.

మలక్‌పేట, సైదాబాద్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఉన్న చాలా ఇళ్లలో కథ ఒకేలా నడుస్తుంది. మూడేళ్లకు మాటలు రాలేదని గమనిస్తారు. ఐదేళ్లదాకా ‘వాళ్ల చాచాకు కూడా ఆలస్యంగానే వచ్చాయి’ అని పెద్దవాళ్లు సర్దిచెప్తారు. ఆ తర్వాత థెరపీలు, ఆసుపత్రులు, ఎవరో చెప్పిన ఆమిల్ సాబ్, తావీజులు, స్టెమ్ సెల్ ప్రకటనలు. పిల్లాడికి పన్నెండేళ్లు వచ్చేసరికి ఇంట్లో డబ్బూ అయిపోతుంది, ఓపికా అయిపోతుంది. బడి మానేసి చేతిలో ఫోన్ పెట్టుకుని కూర్చుంటాడు. పనికి సిద్ధం చేయడం మొదలు కావాల్సిన వయసు సరిగ్గా అదే.

ఆటిజం నయం చేయాల్సిన జబ్బు కాదు. పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. మాట, ఎదుటివాళ్లతో మెలగడం, శబ్దాలు, వెలుగు తట్టుకోవడం, రోజూ ఒకే క్రమం కావాలనే పట్టు – వీటిలో అది కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. కొందరు ఇంజినీరింగ్ చదువుతారు, కొందరికి జీవితాంతం పక్కన మనిషి కావాలి. స్టెమ్ సెల్ చికిత్సతో ఇది పోతుందనేదానికి రుజువు లేదు. దువా చేసుకోవడం తల్లిదండ్రుల ఇష్టం, అందులో ఎవరికీ అభ్యంతరం ఉండదు. లక్షలు పోసి ‘గ్యారంటీ’ కొనుక్కునే ముందు మాత్రం ఆ డబ్బుతో ఒక స్పెషల్ టీచర్‌ను ఎన్నేళ్లు పెట్టుకోవచ్చో లెక్క వేసుకోవాలి.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు

ఈ ప్రాంతపు ముస్లిం కుటుంబాలకు తరచూ దొరికే సలహా ఒకటుంది: ‘మూడు భాషలతో పిల్లాడు కన్ఫ్యూజ్ అవుతాడు, ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి.’ ఇది తప్పుడు సలహా. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలు ఒకే భాష విన్న పిల్లలకంటే మాటల్లో వెనకబడటం లేదని కెనడాతో సహా పలు దేశాల్లో జరిగిన పరిశోధనలు చూపించాయి. ఇంగ్లిష్‌కి మారడం వల్ల జరిగే నష్టం ఇంకోటి. దాదీ, నానీ పిల్లాడితో మాట్లాడటం మానేస్తారు. అసలే తక్కువ మాట్లాడే పిల్లాడికి మాట్లాడే మనుషులు సగమైపోతారు.

పని కోణంలో చూస్తే ఇది ఇంకా ముఖ్యం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ దుకాణంలో నిలబడినా ఒక గిరాకీ ‘చిల్లర ఉందా’ అంటాడు, ఇంకొకాయన ‘ఛుట్టా హై క్యా’ అంటాడు. రెండూ ఒకటేనని మామూలు పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆటిజం ఉన్న పిల్లాడికి చెప్పాలి, చూపించాలి, పదిసార్లు చేయించాలి.

ఇంకో విషయం సున్నితమైనదే గానీ చెప్పుకోవాలి. ఈ పిల్లల్లో కొందరికి జ్ఞాపకశక్తి అద్భుతంగా ఉంటుంది. ఒకటి రెండుసార్లు విన్న సూరా అలాగే వినిపిస్తారు, అజాన్ స్వరం తప్పకుండా అంటారు. ఇంటిల్లిపాదీ మురిసిపోతారు, మురిసిపోవాల్సిందే. కానీ అదే పిల్లాడు దాహం వేసినప్పుడు ‘పానీ’ అని అడగలేక ఏడుస్తుంటే, బట్టీ బాగా వచ్చింది కదా అని మిగతా శిక్షణ ఆపకూడదు. విన్నది తిరిగి చెప్పడం వేరు, కావాల్సింది అడగడం వేరు. పనిలో అవసరమయ్యేది రెండోదే.

బడి దారులు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. అదీ దగ్గర్లోని మామూలు బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది కుటుంబం ఇష్టం. ప్రభుత్వ బడుల పరిధిలో మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక అవసరాల పిల్లల కోసం రిసోర్స్ టీచర్లుంటారు.

ప్రత్యేక పాఠశాలల విషయంలో ఈ ప్రాంతానికి పాత చరిత్రే ఉంది. దిల్‌సుఖ్‌నగర్ వివేకానందనగర్‌లోని ఠాకూర్ హరిప్రసాద్ ఇన్‌స్టిట్యూట్ పేరు ఇక్కడి పాత తరానికి బాగా తెలుసు. బుద్ధి మాంద్యం ఉన్న పిల్లల కోసం థెరపీ బోర్డులు పుట్టకముందే ఏర్పడిన సంస్థ అది. నగరానికి అటు చివర, బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. ఎన్‌ఐఎంహెచ్ అంటే చాలామంది గుర్తుపడతారు. ఇక్కడినుంచి రోజూ తిరగడం కష్టమే. ఒకసారి సరైన అంచనా వేయించుకుని, ఏం నేర్పాలో రాయించుకుని రావడానికి మాత్రం ఆ ప్రయాణం దండగ కాదు.

ఆ సంస్థ తయారుచేసిన పద్ధతిలో ప్రత్యేక బడి పిల్లలను ప్రైమరీ, సెకండరీ తర్వాత ‘ప్రీ ఒకేషనల్’ గ్రూపులోకి పంపుతారు. తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది. చాలాచోట్ల ఆ గ్రూపులో పేపర్ కవర్లు, క్యాండిళ్లు, ఫినాయిల్, రాఖీలు, దీపాలు చేయిస్తారు. చేతికి పని అలవాటు కావడం మంచిదే. అయితే బడి దాటాక ఆ క్యాండిళ్లు ఎవరు కొంటారు? పిల్లాడు ఉండే వీధిలో దొరికే పని ఏదో చూసి, దాన్నే నేర్పమని అడిగే హక్కు కుటుంబానికి ఉంది. టీచర్‌కి ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని కూడా మొహమాటం లేకుండా అడగాలి. అది 1992 నాటి చట్టం పెట్టిన నిబంధన.

చదవగలిగిన పిల్లలకు ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్ మంచి దారి. ఒక్కసారి నమోదు చేసుకుంటే ఐదేళ్లలో తొమ్మిది విడతల పరీక్షల దాకా అవకాశం. ఏడాదికి ఒకటో రెండో సబ్జెక్టులు రాసుకుంటూ పోవచ్చు. స్క్రైబ్, అదనపు సమయం లాంటి వెసులుబాట్లు ఉన్నాయి. పదో తరగతి మెమో చేతిలో ఉంటే రేపు ఏ దరఖాస్తుకైనా పనికొస్తుంది. అయితే ట్యూషన్లకే రోజంతా పోతే పని నేర్పే గంట మిగలదు, అది చూసుకోవాలి.

ఖర్జూరం డబ్బా పాఠం

ఉద్యోగ శిక్షణ అంటే ఏదో కంప్యూటర్ కోర్సు అనుకుంటారు. ఆటిజం ఉన్న చాలామందికి పని చేయడం కష్టం కాదు. పని చుట్టూ ఉండేవే కష్టం. సూపర్‌వైజర్ మాట మార్చితే తట్టుకోవడం, టీ బ్రేక్‌లో ఏం చేయాలో తెలియకపోవడం, బాత్రూంకి వెళ్లాలని అడగడం, బస్సు రాకపోతే ఏం చేయాలన్నది.

అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో 1972 నుంచి నడుస్తున్న టీచ్ అనే కార్యక్రమం దీనికి ఒక తేలిక పద్ధతి చూపించింది. ఎదురుగా ఉన్న బల్ల చూడగానే పిల్లాడికి నాలుగు విషయాలు తెలియాలి: పని ఏంటి, ఎంత, ఎప్పుడు అయిపోయినట్టు, తర్వాత ఏంటి. మాటలతో చెప్పడం తక్కువ, కంటికి కనిపించేలా పెట్టడం ఎక్కువ.

రంజాన్ ముందు ఖర్జూరాలు అరకిలో డబ్బాల్లో కట్టే దుకాణం ఒకటి అనుకోండి. బల్ల మీద ఎడమ నుంచి కుడికి వరసగా ఖాళీ డబ్బాలు, ఖర్జూరాల ట్రే, కాటా, మూతలు, స్టిక్కర్లు. ఇరవై డబ్బాలే పెడితే ఖాళీ డబ్బాలు అయిపోగానే పని అయినట్టు. పక్కన బొమ్మ కార్డు: పని అయ్యాక టీ. ఇంతవరకు ఎవరైనా అమర్చగలరు. చిక్కు కాటా దగ్గర వస్తుంది. ‘500 గ్రాములు’ అని చెప్తే కొందరు పిల్లలు సరిగ్గా 500 చూపించేదాకా ఒక పండు తీసి ఇంకోటి పెట్టి, పావుగంట అక్కడే ఆగిపోతారు. దుకాణదారు విసుక్కుంటాడు, పిల్లాడు చెవులు మూసుకుంటాడు, ‘వీడికి పని రాదు’ అని తేల్చేస్తారు. కాటా పక్కన ‘500 నుంచి 515 దాకా ఓకే’ అని చీటీ అంటిస్తే గొడవే ఉండదు. ఉద్యోగం ఉండటం, పోవడం ఇలాంటి చీటీల దగ్గర తేలుతుంది.

ఇక్కడ ఈ కుటుంబాలకు ఒక అనుకూలత ఉంది. మామూనో, చాచానో ఎవరో ఒకరికి సొంత దుకాణమో, బేకరీయో, టైలరింగ్ షాపో ఉంటుంది. మొదటి పని అక్కడ వారానికి రెండు రోజులు, గంట చొప్పున మొదలుపెట్టవచ్చు. షరతు ఒక్కటే. కూర్చోబెట్టి సమోసా పెట్టి పంపడం కాకుండా నిజంగా పని ఇవ్వాలి, చేసిన పనికి డబ్బు ఇవ్వాలి.

రాకపోకలు 14, 15 ఏళ్లకే నేర్పాలి. దానికి ఈ ప్రాంతంలో 2018 సెప్టెంబర్‌లో మొదలైన మెట్రో లైను చక్కటి తరగతి గది. స్టేషన్లు మారవు, పేర్లు వినిపిస్తాయి, బోర్డు మీద కనిపిస్తాయి. ఎల్బీనగర్ చివరి స్టేషన్ కాబట్టి మలక్‌పేట నుంచి అటు వెళ్తే దిగడం మర్చిపోయే భయం లేదు. మొదట అబ్బా పక్కనే, తర్వాత రెండు సీట్లు అవతల, తర్వాత పక్క బోగీలో, ఆ తర్వాత స్టేషన్ బయట. ఒక్కో మెట్టుకు నెల పట్టినా పర్వాలేదు.

రంజాన్‌లో బడి వేళలు, నిద్ర, భోజనం అన్నీ ఒక్కసారిగా తారుమారవుతాయి. ఆ నెలలో పిల్లలు గొడవ పెట్టడం మొండితనం కాదు. చాంద్‌రాత్‌కి వారం ముందునుంచే బొమ్మల క్యాలెండర్ గోడకు పెట్టి రోజూ చూపిస్తే చాలావరకు తగ్గుతుంది. రేపు ఉద్యోగంలో షిఫ్ట్ మారినా ఇదే అలవాటు ఆదుకుంటుంది.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి

1996లో అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో ప్రాజెక్ట్ సెర్చ్ అనే ప్రయోగం మొదలైంది. ఎమర్జెన్సీ విభాగంలో సామాన్లు సర్ది నింపే పని ఎప్పుడూ వెనకబడుతుండేది. ఒకే పనిని రోజూ ఒకేలా చేయడం ఇష్టపడే యువతకు దాన్ని అప్పగించారు. బడి ఆఖరి ఏడాదిని తరగతి గదిలో కాక పని చోటే గడపడం ఆ పద్ధతి. తర్వాత అది పలు దేశాలకు పాకింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య కార్పొరేట్ ఆసుపత్రులు, పెద్ద బట్టల షోరూంలు, సూపర్ మార్కెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఇక్కడ కూడా అలాంటి పనికి లోటు లేదని తెలుస్తుంది.

మన దేశంలో ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆటిజం ఉన్నవారిని ప్రత్యేకంగా తీసుకుంటోంది. లెమన్ ట్రీ హోటళ్లలో వైకల్యం ఉన్న యువత పనిచేస్తున్నారు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న యూత్4జాబ్స్ శిక్షణ ఇచ్చి ఉద్యోగాలు చూపిస్తుంది. విద్యానగర్‌లో కేంద్ర కార్మిక శాఖ నడిపే దివ్యాంగుల కెరీర్ సర్వీస్ సెంటర్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉండగా అందులో 1 శాతం ఆటిజం, బుద్ధి మాంద్యం, అభ్యసన లోపం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి. పోటీ ఎక్కువ కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవడం తెలివైన పని కాదు.

కాగితాలు

ముందు సర్టిఫికెట్. ఆటిజం శాతాన్ని కొలిచే ఐఎస్ఏఏ అనే 40 ప్రశ్నల పట్టిక మన ఎన్‌ఐఎంహెచ్‌లో తయారైందే. దాంట్లో 70 నుంచి 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, పైన తీవ్రం. ఈ ప్రాంతంలో ఒక తిరకాసు ఉంది. సైదాబాద్, మలక్‌పేట హైదరాబాద్ జిల్లా. సరూర్‌నగర్, ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లా. ఆధార్‌లో పాత ఇంటి అడ్రస్ ఉంటే ఒక జిల్లా బోర్డు ఇంకో జిల్లాకు పొమ్మంటుంది. అడ్రస్ మార్చుకున్నాకే యూడీఐడీ దరఖాస్తు పెడితే తిరుగుడు తప్పుతుంది. దివ్యాంగుల సంక్షేమ భవన్ నల్గొండ చౌరస్తా దగ్గరే ఉంది. రాష్ట్ర పింఛన్‌ను 2023లో 4,016 రూపాయలకు పెంచారు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా థెరపీ ఖర్చులకు కూడా పనికొస్తుంది.

చాలామందికి తెలియనిది ఇంకోటి. 18 నిండిన రోజునుంచి చట్టం దృష్టిలో తల్లిదండ్రులు ఆటోమేటిక్‌గా గార్డియన్లు కారు. సొంతంగా నిర్ణయాలు తీసుకోగలిగిన యువతకు గార్డియన్ అక్కర్లేదు. తీసుకోలేని వాళ్ల కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు చేయాలి. తల్లిదండ్రుల తర్వాత ఎవరు చూస్తారన్నది అన్నదమ్ముల మధ్య నోటిమాటగా వదిలేయకుండా అప్పుడే రాసి పెట్టుకోవడం మేలు.

ఆడపిల్లల విషయంలో ఇదంతా రెండింతలు కష్టం. అక్కాచెల్లెళ్ల రిష్తాలు చెడిపోతాయని ఆటిజం ఉన్న అమ్మాయిని ఈద్ రోజు కూడా లోపలి గదిలో ఉంచే ఇళ్లున్నాయి. ఇస్లాం చరిత్రలో అంధుడైన అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) కథ జుమా బయాన్లలో అందరూ విన్నదే. ఆయన కోసం సూరా అబస దిగింది. ఆయనకు ప్రవక్త (స) అజాన్ ఇచ్చే బాధ్యత అప్పగించారు, తాను ఊళ్లో లేనప్పుడు మదీనా బాధ్యతను కూడా ఇచ్చారు. ఇంట్లో దాచిన అమ్మాయికి నెలసరి శుభ్రత, ఎవరు ఎక్కడ తాకకూడదు, ‘నహీ’ అని గట్టిగా చెప్పడం – ఇవి నేర్పే మనిషే ఉండదు. పని మాట తర్వాత, ఇవి పదేళ్లకే మొదలు కావాలి. ఆపైన కుట్టు, ప్యాకింగ్, బేకింగ్ లాంటివి ఇంట్లోనూ నేర్పవచ్చు, బయటకు పంపితే ఆర్టీసీ బస్సు ఆడవాళ్లకు ఉచితమే.

మొదటి జీతం ఎంత తక్కువైనా అమ్మీ చేతికి కాకుండా పిల్లాడి పేరు మీదున్న ఖాతాలో పడేలా చూడాలి. పాస్‌బుక్ తీసుకుని బ్యాంకు లైన్లో నిలబడి ఎంట్రీ వేయించుకుని రావడం కూడా నేర్పాల్సిన పనుల్లో ఒకటి.