సాక్షులందరినీ పలికించిన చరిత్రకారుడు తబరీ

అబూ జాఫర్ మహమ్మద్ ఇబ్న్ జరీర్ అల్ తబరీ క్రీ.శ. 839 ప్రాంతంలో, కాస్పియన్ సముద్రానికి దక్షిణాన తబరిస్తాన్ సీమలోని ఆముల్ పట్టణంలో పుట్టాడు. ఇప్పుడది ఇరాన్‌లో ఉంది. ఏడేళ్లకే ఖురాన్ కంఠస్థం చేశానని, తొమ్మిదో ఏట హదీసులు (ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనాలు) రాసుకోవడం మొదలుపెట్టానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. పన్నెండేళ్లకే చదువు కోసం ఇల్లు విడిచి, నేటి టెహ్రాన్ దగ్గరున్న రయ్ నగరానికి వెళ్లాడు.

అక్కడినుంచి బాగ్దాద్ బయలుదేరింది సుప్రసిద్ధ పండితుడు అహ్మద్ ఇబ్న్ హంబల్ దగ్గర చదువుకోవాలని. తీరా చేరేసరికి, 855లో, ఆయన కన్నుమూశాడు. ఆ తర్వాత బస్రా, కూఫా, సిరియా, ఈజిప్టు తిరిగి, ఎక్కడి గురువుల దగ్గర విన్నది అక్కడే రాసుకున్నాడు. ఒకసారి ఇంటినుంచి డబ్బు రావడం ఆలస్యమైతే చొక్కా చేతులు కోసి అమ్ముకున్నాడని కథ ఉంది. 870 ప్రాంతంలో బాగ్దాద్‌లో స్థిరపడ్డాక మాత్రం పెద్దగా కదల్లేదు. పెళ్లి చేసుకోలేదు. న్యాయాధికారి పదవి ఇస్తామన్నా వద్దన్నాడు. తండ్రి ఆస్తి మీద ఏటా వచ్చే రాబడితోనే సరిపెట్టుకున్నాడు. ఖలీఫాల కొలువు చుట్టూనే చరిత్ర రాయాల్సిన మనిషికి ఆ రాబడి పెద్ద స్వేచ్ఛనిచ్చింది.

ఆయన రాసినవాటిలో రెండు గ్రంథాలు మహాకాయమైనవి. ఒకటి ఖురాన్ వ్యాఖ్యానం. రెండోది ‘ప్రవక్తల, రాజుల చరిత్ర’. ఈ చరిత్ర సృష్టితో మొదలై, ప్రాచీన ప్రవక్తల మీదుగా, పారశీక సాసానీ చక్రవర్తుల మీదుగా సాగి, మహమ్మద్ ప్రవక్త జీవితానికి వస్తుంది. హిజ్రీ శకం మొదలైనప్పటినుంచి సంవత్సరాల వారీగా నడిచి క్రీ.శ. 915 దగ్గర ఆగుతుంది. చరిత్రను మొదట ముప్పై వేల పత్రాల్లో చెప్పాలనుకున్నాడని, వినడానికే ఆయుష్షు చాలదని శిష్యులు మొత్తుకుంటే మూడు వేలకు కుదించాడని చెబుతారు. అంకెలు అతిశయోక్తి కావచ్చు కానీ, పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నవారికి కథ మరీ అబద్ధంలా తోచదు.

తబరీ ప్రత్యేకత పరిమాణంలో లేదు, పద్ధతిలో ఉంది. హదీసు పండితులు ప్రతి మాటకూ అది ఎవరినుంచి ఎవరికి చేరిందో పేర్ల వరుస చెప్పేవారు. దాన్ని ఇస్నాద్ అంటారు. తబరీ ఈ క్రమశిక్షణను చరిత్రలోనూ పాటించాడు. ఒకే సంఘటన మీద మూడు కథనాలుంటే మూడూ రాస్తాడు, అవి ఒకదాన్నొకటి కాదంటున్నా సరే. కోర్టు రికార్డులో వాంగ్మూలాల్లా అవి పక్కపక్కనే ఉంటాయి. చదువరికి నమ్మశక్యం కానిది కనిపిస్తే అది తన కల్పన కాదని, చెప్పినవారు చెప్పినట్టే అందించానని ముందుమాటలోనే హెచ్చరించాడు.

అలాగని ఆయనకు సొంత అభిప్రాయం లేకపోలేదు. ఇబ్రాహీం ప్రవక్త బలి ఇవ్వబోయిన కొడుకు ఇస్హాఖా, ఇస్మాయీలా అన్న ప్రశ్న మీద రెండు పక్షాల ఉల్లేఖనాలూ ఇచ్చి, చివరికి ఇస్హాఖ్ వైపు మొగ్గాడు. తర్వాతి ముస్లిం పండితుల్లో ఎక్కువమంది ఇస్మాయీల్ అనే అన్నారు. ఆయన తీర్పు వాళ్లకు ఆమోదం కాకపోయినా, ఆయన పోగుచేసిన ఆధారాలు ఆ చర్చకు అక్కరకొచ్చాయి.

ఈ పద్ధతిలో ఇబ్బంది కూడా ఉంది. కథనం ముక్కలుముక్కలుగా నడుస్తుంది, ఏది ఎందుకు జరిగిందో విప్పి చెప్పేవాడు కనబడడు. తన కాలపు రాజకీయాల గురించి తబరీ చాలాచోట్ల పొదుపుగానే రాశాడు. అయితే దక్షిణ ఇరాక్‌లో 869 నుంచి 883 దాకా సాగిన జంజ్ బానిసల తిరుగుబాటును మాత్రం, దగ్గరుండి చూసినవారి మాటల ఆధారంగా, విస్తారంగా నమోదు చేశాడు. ఆ తిరుగుబాటు గురించి నేడు తెలిసినదాంట్లో చాలాభాగం ఇక్కడినుంచి వచ్చిందే. అబూ మిఖ్నఫ్, మదాయినీ వంటి తొలి చరిత్రకారుల రచనలు చాలావరకు అంతరించిపోయాయి. వాటిలోని విషయం ఎంతో కొంత మిగిలిందంటే, తబరీ మూలం పేరుతో సహా ఎత్తిరాయడమే ముఖ్య కారణం.

బాగ్దాద్‌లో చివరి రోజులు ప్రశాంతంగా గడవలేదు. న్యాయవేత్తల అభిప్రాయ భేదాల మీద రాసిన గ్రంథంలో ఆయన అహ్మద్ ఇబ్న్ హంబల్‌ను చేర్చలేదు. ఇబ్న్ హంబల్ హదీసు పండితుడే తప్ప న్యాయవేత్త కాడన్నది తబరీ వాదన. ఇబ్న్ హంబల్ అనుయాయులకు అది మంట పుట్టించింది. వాళ్లు తబరీ ఇంటి మీద రాళ్లు రువ్వారని, పోలీసులు కాపలా కాయాల్సి వచ్చిందని చెబుతారు. 923లో తబరీ మరణించాడు. గొడవలకు భయపడి రాత్రికి రాత్రే ఇంట్లో పూడ్చిపెట్టారని కొందరు, జనం వెల్లువెత్తారని కొందరు రాశారు.

నలభై ఏళ్లకు, 963లో, సామానీ పాలకుడి ఆజ్ఞతో వజీరు బల్అమీ ఈ చరిత్రను పారశీకంలో తిరగరాశాడు. సాక్షుల పేర్లు తీసేసి కథను సాఫీ చేశాడు. పదమూడో శతాబ్దంలో ఇబ్న్ అల్ అసీర్ కూడా తబరీ మీదే ఆధారపడి, వేర్వేరు కథనాలను ఒక్కటిగా కలిపేశాడు. చదవడానికి వాళ్ల పుస్తకాలే హాయి. పరిశోధకులు మాత్రం తబరీ దగ్గరికే తిరిగి వెళ్లారు. ఐరోపాలో లైడెన్ నగరంలో డి గుయే నాయకత్వంలో పండితులు వేర్వేరు గ్రంథాలయాల్లో చెదిరిపోయిన రాతప్రతులను కూర్చి, 1879 నుంచి 1901 వరకు అరబిక్ మూలాన్ని అచ్చువేశారు. ఆ తర్వాత 1985లో వెలువడడం మొదలైన ఇంగ్లిష్ అనువాదం సూచికతో కలిపి నలభై సంపుటాలైంది.