గొలుసులో దూరం, చుట్టలో దగ్గర

పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్లలో, చంద్రికల మీదికి ఎక్కించిన పురుగు రెండు మూడు రోజులపాటు తల ఆడిస్తూనే ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే ఆ తల గాలిలో 8 అంకె చుడుతున్నట్టు కనిపిస్తుంది. నోటి దగ్గర్నుంచి వచ్చే పోగు గాలికి ఆరి గట్టిపడుతుందని అనిపిస్తుంది గానీ, ముఖ్యంగా పని చేసేది తల ఆడిస్తూ పోగును లాగే ఆ లాగుడే. పురుగు కడుపులోని గ్రంథిలో ఉన్నంతసేపూ పట్టు నీళ్లలో కరిగి ఉన్న చిక్కటి ద్రవం. బయటికొచ్చాక అదే పట్టు నీళ్లలో కరగదు. సబ్బు, సోడా వేసి మరిగిస్తే పైనున్న సెరిసిన్ అనే జిగురు వదులుతుంది తప్ప లోపలి ఫైబ్రాయిన్ పోగుకు ఏమీ కాదు.

ఫైబ్రాయిన్ ఒక ప్రొటీన్. అంటే ఎమినో ఆమ్లాలు ఒకదాని వెంట ఒకటి కలిసిన గొలుసు. గొలుసులో ఇమిడిన ఒక్కొక్క ఎమినో ఆమ్లాన్నీ రెసిడ్యూ అంటారు. గ్రంథిలో ఉన్నప్పుడూ, గూడు కట్టాకా ఆ రెసిడ్యూల వరుస ఒక్కటే. మారిందల్లా ఏ రెసిడ్యూ ఏ రెసిడ్యూని ఆనుకుని ఉందన్నదే. నీళ్లలో కరిగిన ద్రవానికీ, పట్టుచీరలో నిలిచే దారానికీ మధ్య తేడా అంతా ఆ ఆనుకోవడంలో ఉంది. ప్రొటీన్ల మీద పనిచేసేవాళ్లు దీన్ని కాంటాక్ట్ అంటారు. ఒక ప్రొటీన్‌లో ఈ కాంటాక్టులు ఎన్ని, ఎలాంటివి, ఎక్కడెక్కడ అని లెక్క తీయడం ఇప్పుడొక పెద్ద పని.

పట్టు దగ్గర ఈ లెక్క చాలా తేలిక. ఫైబ్రాయిన్ పెద్ద గొలుసులో 5,263 రెసిడ్యూలున్నాయి. నూటికి దాదాపు 46 గ్లైసీన్, 30 అలనీన్, 12 సెరీన్. గ్లైసీన్-అలనీన్-గ్లైసీన్-అలనీన్-గ్లైసీన్-సెరీన్ అన్న ఆరింటి వరుసే మళ్లీ మళ్లీ వస్తుంది. పురుగు లాగినప్పుడు గొలుసులు సాగి, పక్కపక్కన చేరి, హైడ్రోజన్ బంధాలతో రేకులుగా అల్లుకుంటాయి. సాగిన గొలుసులో ఒక రెసిడ్యూ నుంచి పక్కకు పొడుచుకొచ్చే పరమాణువుల గుంపు పైకి ఉంటే తర్వాతిది కిందికి ఉంటుంది కాబట్టి, రేకుకు ఒకవైపంతా గ్లైసీన్లు, రెండోవైపంతా అలనీన్లు, సెరీన్లు వస్తాయి. గ్లైసీన్‌కు పక్కకు పొడుచుకొచ్చేది ఒక్క హైడ్రోజన్ పరమాణువే. అందుకే రెండు రేకులు గ్లైసీన్ ముఖాలతో ఎదురుపడితే బాగా దగ్గరికి వస్తాయి. 1955లో మార్ష్, కోరీ, పౌలింగ్ ఎక్స్-రే చిత్రాలతో ఈ దూరాలు లెక్కకట్టారు: గ్లైసీన్ వైపు 3.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, అలనీన్ వైపు 5.7. సెంటీమీటరును పది కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి ఆంగ్‌స్ట్రామ్. అమరిక వాళ్లు గీసినంత క్రమంగా ఉండదని తర్వాత తేలింది గానీ, పట్టు బలం ఈ ఒత్తుకుపోవడం నుంచి వస్తుందన్న మాట నిలిచింది.

మిగతా ప్రొటీన్లలో చాలావి ఇంత బుద్ధిగా ఉండవు. గొలుసు తన మీద తానే మెలికలు పడి ఉండలా చుట్టుకుంటుంది. తిరుమల క్యూలైన్‌లో నిలబడ్డవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు: వరుసలో మీకంటే వందమంది ముందున్న మనిషి, లైను వంపు తిరిగినచోట కమ్మీకి అవతల మీ భుజం పక్కనే ఉంటాడు. ప్రొటీన్‌లో 20వ రెసిడ్యూ, 120వ రెసిడ్యూ అలా ఎదురుపడి తగిలితేనే ఆ మెలిక నిలబడుతుంది. 20కీ 21కీ మధ్య తగులు ఎలాగూ తప్పదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వరుసలో దూరంగా ఉండి చుట్టలో కలిసినవే ఆసక్తికరమైనవి.

మరి ఎంత దగ్గరుంటే తగిలినట్టు? ఇక్కడ ప్రకృతి గీసిన గీత ఏదీ లేదు, మనమే గీస్తాం. ఒక పద్ధతిలో, ఒక్కో రెసిడ్యూ నుంచి ఒక్కో కార్బన్‌ను తీసుకుని, రెండింటి మధ్య దూరం 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే కాంటాక్ట్ అంటారు. ఇంకో పద్ధతిలో, హైడ్రోజన్లను వదిలేసి, ఏ రెండు పరమాణువులైనా నాలుగున్నర, ఐదు ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే చాలు. గీత కాస్త జరిపితే జాబితా మారిపోతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎన్. శ్రీనివాసన్ బృందం 2007లో ప్రచురించిన పిక్ అనే ఉచిత సాధనం రకానికో కొలత పెట్టింది: నీళ్లంటే గిట్టని రెసిడ్యూల మధ్య 5 ఆంగ్‌స్ట్రామ్‌లు, ప్లస్ మైనస్ ఆవేశాలున్న వాటి మధ్య 6. మన ప్రాంతంలో బయోఇన్ఫర్మాటిక్స్ చదివిన పిల్లల్లో చాలామందికి ఆ పేజీ తెలిసే ఉంటుంది.

వచ్చిన జాబితాను చూడటానికి చక్కటి మార్గం చదరపు గళ్ల కాగితం. అడ్డంగానూ నిలువుగానూ రెసిడ్యూల నంబర్లు వేసి, తగిలిన జంట దగ్గర చుక్క పెట్టాలి. స్ప్రింగులా చుట్టుకున్న ఆల్ఫా హెలిక్స్‌లో ప్రతి రెసిడ్యూ తన తర్వాతి నాలుగోదానితో హైడ్రోజన్ బంధం కట్టుకుంటుంది కాబట్టి కర్ణరేఖ వెంట దళసరి పట్టీ కనిపిస్తుంది. ఎదురెదురుగా నడిచే రెండు పోగులు కర్ణానికి అడ్డంగా గీతలా కనిపిస్తాయి. అలవాటైన కన్ను ఆ చుక్కల్ని చూసి ప్రొటీన్ ఆకారం చెప్పేయగలదు. జీవుల్లో ఒక రెసిడ్యూ మారినప్పుడు దానికి తగిలేది కూడా తరచూ మారుతుంది. ఆ జోడీలను పట్టుకుని, ఆకారం తెలియని ప్రొటీన్‌కు చుక్కలు ఊహించడం మొదలుపెట్టారు. 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగాన్ని తన రూపకర్తలకు తెచ్చిపెట్టిన ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్‌కు పునాదుల్లో ఆ ఆలోచన ఒకటి.

ఈ కథలో మనకు పొరుగూరి మనిషి జి.ఎన్. రామచంద్రన్. నగరి దాటి వెళితే వచ్చే మద్రాసులో, విశ్వవిద్యాలయంలో ఆయన, గోపీనాథ్ కర్తా 1954లో కొలాజెన్‌కు మూడు పేటల ఆకారం ప్రతిపాదించారు. తోళ్లలో, ఎముకల్లో, స్నాయువుల్లో ఉండే ప్రొటీన్ అది. పేటల మధ్యలో చోటు ఎంత ఇరుకంటే ప్రతి మూడో రెసిడ్యూ గ్లైసీన్ అయితే తప్ప పట్టదు. మీ నమూనాలో కొన్ని పరమాణువులు మరీ దగ్గరికొచ్చాయి, అంత దగ్గర కుదరదని శాస్త్రవేత్తలు క్రిక్, రిచ్ అభ్యంతరం చెప్పారు. అసలు ఎంత దగ్గర కుదురుతుందన్నది అప్పటిదాకా ఎవరూ సరిగ్గా తేల్చలేదు. రామచంద్రన్ బృందం అప్పటికి తెలిసిన స్ఫటికాలన్నీ వెతికి పట్టిక తయారుచేసింది: కార్బన్-కార్బన్ మధ్య మామూలుగా 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లు, మరీ తప్పకపోతే 3.0. ఆక్సిజన్-ఆక్సిజన్ మధ్య 2.7, తప్పకపోతే 2.6. ఈ హద్దులు దాటకుండా గొలుసు ఏయే కోణాల్లో తిరగగలదో లెక్కగడితే వచ్చిందే 1963 నాటి రామచంద్రన్ ప్లాట్. ప్రపంచంలో ప్రొటీన్ నిర్మాణం ప్రకటించే ప్రతివాళ్లూ నేటికీ ఆ పటంతో సరిచూసుకుంటారు. దాన్ని కోణాల పటమనే పాఠాల్లో చెబుతారు. తగలకూడని తగుళ్ల పటమని చెబితే పిల్లలకు ఇంకా త్వరగా ఎక్కుతుందని నా ఉద్దేశం.

ఇక తిరుపతి. ఇక్కడి వైద్య సంస్థ స్విమ్స్‌లోని బయోఇన్ఫర్మాటిక్స్ విభాగం, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ సూక్ష్మజీవి ప్రొటీన్లను కంప్యూటర్‌లో కట్టి, వాటి గుంతల్లో ఏ మందు అణువు ఇముడుతుందో చూసే పని చేసి పత్రాలు ప్రచురించింది. దీన్ని డాకింగ్ అంటారు. చివర్లో ఒక పట్టిక వస్తుంది: ఫలానా రెసిడ్యూతో హైడ్రోజన్ బంధం, ఫలానాదానితో మామూలు తగులు. దేశంలో ఏ కాలేజీలో ఏ డాకింగ్ థీసిస్ తిరగేసినా రంగురంగుల బొమ్మతో ఈ పట్టిక ఉంటుంది. ఐదు బంధాలున్న అణువు మూడున్నదాని కంటే మంచి మందని రాసేయడం కూడా మామూలే. నాకు ఆ వాక్యం దగ్గర ఎప్పుడూ అనుమానమే. ప్రొటీన్ పైభాగంలో, నీళ్లు తగిలేచోట ఏర్పడే హైడ్రోజన్ బంధం వల్ల ఒరిగేది తక్కువ. మందు రాకముందు అదే చోట నీటి అణువు అదే బంధం కట్టుకుని ఉంటుంది, దాన్ని తోసేసి ఇది కూర్చుంది, అంతే.

అందుకే జాగ్రత్తగా చేసేవాళ్లు డాకింగ్‌తో ఆగరు. అణువుల్ని కంప్యూటర్‌లో కొన్ని వందల నానోసెకన్లపాటు కదలనిచ్చి, ఒక్కో కాంటాక్ట్ ఆ సమయంలో నూటికి ఎంత వంతు నిలిచిందో చూస్తారు. అంతకంటే గట్టి పరీక్ష ప్రయోగశాలలో ఉంది: అనుమానమున్న రెసిడ్యూని తీసేసి దాని స్థానంలో చిన్న అలనీన్ పెట్టి, పట్టు ఎంత సడలిందో కొలవడం. మనిషి గ్రోత్ హార్మోన్, దాని గ్రాహకం మీద క్లాక్సన్, వెల్స్ ఈ పని చేసి 1995లో ప్రకటించారు. అక్కడ రెండువైపులా ముప్పయికి అటూ ఇటూగా రెసిడ్యూలు ఆనుకుని ఉంటాయి. గ్రాహకం వైపున్న వాటిని ఒక్కొక్కటే మార్చి చూస్తే చాలావాటిని తీసేసినా పట్టు పెద్దగా తగ్గలేదు. బలంలో నాలుగింట మూడు వంతులకు పైగా మధ్యలోని చిన్న చోటు నుంచే వస్తోంది, అందులోనూ 104, 169 స్థానాల్లో ఉన్న రెండు ట్రిప్టోఫాన్‌లదే ముఖ్యమైన వాటా. దూరాల పట్టికలో మాత్రం ఆ రెండూ మిగతావాటి మధ్య ఏ ప్రత్యేకతా లేకుండా కనిపిస్తాయి.