‘ఇజ్జత్‌ తీసిండు’... ఇంగ్లిష్‌లో ఏమనాలి?

ఇంజినీరింగ్‌ అయిపోయి మొదటి ఉద్యోగంలో చేరిన నాలుగో నెల. టీమ్‌ లీడ్‌ నా కోడ్‌ చూసి, ‘స్కూల్‌ పిల్లలు ఇంతకన్నా మంచిగ రాస్తరు’ అన్నాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అయినా బాగా గుచ్చుకుంది. రాత్రి గౌలిపురలో ఇంటికి రాగానే హెచ్‌ఆర్‌కు మెయిల్‌ పెట్టాను. అవమానాన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారో ఫోన్‌లో వెతికితే మొదట దొరికిన మాట ‘హ్యుమిలియేట్‌’. అదే వాడేశాను.

మర్నాడే పిలుపొచ్చింది. ‘ఎవరెవరి ముందు జరిగింది? ఎన్నిసార్లు?’ అని మేడమ్‌ అడిగారు. ‘ఎవరూ లేరు మేడమ్‌, ఒక్కసారే’ అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టేశారు. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ వాడిన మాట జరిగినదానికంటే పెద్దది. దాంతో ఫిర్యాదు మొత్తం తేలిపోయింది.

మన గల్లీలో తెలిసిన తేడానే!

నిజానికి ఈ తేడాలు మనకు కొత్తేం కాదు. మా గల్లీలో ‘మజాక్‌ చేసిండు’, ‘చిన్నబుచ్చిండు’, ‘ఇజ్జత్‌ తీసిండు’ అంటే మూడూ వేర్వేరు పంచాయితీలు. మొదటిది చాయ్‌తో సద్దుమణుగుతుంది. మూడోదానికి పెద్దమనుషులు కూర్చోవాలి. ఇంగ్లిష్‌లోనూ అంతే.

ఎంబరాస్‌: ఇబ్బందిగా, సిగ్గుగా అనిపించడం. ఎవరి తప్పూ లేకపోయినా జరగొచ్చు. ఆన్‌లైన్‌ మీటింగ్‌లో మైక్‌ ఆన్‌లో ఉండగా అమ్మ ‘అన్నం తిన్నవా బిడ్డా’ అని అడిగితే ఇదే.

మాక్‌: వెక్కిరించడం. ముఖ్యంగా మన యాసనో, నడకనో అనుకరించి నవ్వడం. ‘మాక్‌ ఇంటర్వ్యూ’లో ఉన్నదీ ఈ మాటే. అక్కడ ఉత్త అనుకరణ, మనిషి మీదికి వస్తే వెక్కిరింత.

ఇన్‌సల్ట్‌: నేరుగా తగిలే మాట లేదా చేత. ‘నీకు బుర్ర లేదు’ అనడం.

బిలిటిల్‌: అచ్చంగా చిన్నబుచ్చడం. మనం చేసిన పనిని, సాధించినదాన్ని తక్కువ చేసి చూపడం. అమెరికా నాయకుడు థామస్‌ జెఫర్సన్‌ రాతల్లో ఈ మాట చూసి 1787లో ఒక లండన్‌ పత్రిక ఎగతాళి చేసింది. చిన్నబుచ్చడమనే మాటనే చిన్నబుచ్చారన్నమాట!

కండిసెండింగ్‌: పైకి మెప్పు, లోపల చిన్నచూపు. ‘పాతబస్తీ నుంచి వచ్చి కూడా ఇంగ్లిష్‌ బానే మాట్లాడుతున్నవే!’ అనడం. ఇందులో తిట్టు ఒక్కటీ ఉండదు, అందుకే జవాబు చెప్పడం కష్టం.

డిస్పారేజ్‌: ఒకరి గురించి ఇతరుల దగ్గర విలువ తగ్గించి మాట్లాడటం. కొన్ని కంపెనీల ఒప్పందాల్లో ‘నాన్‌ డిస్పారేజ్‌మెంట్‌’ అనే షరతు ఉంటుంది. కంపెనీని బయట చెడుగా మాట్లాడనని ఒప్పుకోవడమన్నమాట. సంతకం పెట్టేముందు చదవండి.

డిమీన్‌: మనిషిగా మన గౌరవాన్ని తగ్గించేలా చూడటం. ‘జూనియర్‌వి కాబట్టి రోజూ నా బ్యాగ్‌ మొయ్యి’ అనడం.

హ్యుమిలియేట్‌: ఇజ్జత్‌ తీయడం. సాధారణంగా నలుగురిలో, తలెత్తుకోలేకుండా చేయడం. వీటన్నిటిలోకీ బరువైన మాట.

చట్టాల్లోనూ ఇవే మాటలు

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ తెచ్చిన ర్యాగింగ్‌ నిషేధ చట్టం ‘టీజ్‌’, ‘ఎంబరాస్‌’, ‘హ్యుమిలియేట్‌’ అనే మూడు మాటలనూ వరుసగా పేర్కొంది. మూడింటిలో ఏది చేసినా ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే ఆటపట్టించడం కూడా చిన్న విషయం కాదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ‘ఇన్‌సల్ట్‌’, ‘హ్యుమిలియేట్‌’ ఒకే వాక్యంలో కనిపిస్తాయి. మొదటిది చేసిన పని, రెండోది దాని వెనకున్న ఉద్దేశం. అది పదిమందికీ కనిపించే చోట జరగాలని కూడా ఆ వాక్యంలోనే ఉంది.

ఇంటర్వ్యూలో ఎలా?

‘టీమ్‌లో గొడవైతే ఏం చేశారు?’ అని హెచ్‌ఆర్‌ రౌండ్‌లో తరచూ అడుగుతారు. ‘నన్ను హ్యుమిలియేట్‌ చేశాడు’ అని మొదలుపెట్టకండి. ముందు జరిగింది చెప్పండి: ఏమన్నాడు, ఎప్పుడు, ఎవరి ముందు, మీరేం చేశారు. పేరు తర్వాత పెట్టొచ్చు. ఇంకోటి... పాత కాలేజీనో, గైడ్‌నో డిస్పారేజ్‌ చేస్తే, రేపు మా గురించీ ఇట్లనే చెప్తాడేమో అనుకుంటారు.

అలాగని నిజంగా ఇజ్జత్‌ పోయినప్పుడు ‘ఏదో ఇబ్బందిపడ్డాను’ అని తగ్గించి రాయడమూ తప్పే. పెద్ద మాట వాడితే నమ్మరు, చిన్న మాట వాడితే పట్టించుకోరు.

నా సంగతా? రెండు నెలల తర్వాత లీడ్‌ మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి మెయిల్‌లో మూడు తేదీలు, అతనన్న మూడు మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాను. చివర ఒకే వాక్యం: నా పనిని పదేపదే ‘బిలిటిల్‌’ చేస్తున్నారు. మేడమ్‌ ఈసారి పెన్ను పక్కన పెట్టలేదు. లీడ్‌ను పిలిచి మాట్లాడారు. ఆ మాటలు ఆగిపోయాయి.