పదమూడేళ్ళ వాళ్ళందరికీ పదమూడేళ్ళు నిండవు

దక్షిణ అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌ని ఆనుకుని ఉంటుంది బతు బస్తీ. పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అని పేరు మారింది గానీ జనం నోట పాత పేరే ఇంకా నలుగుతోంది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 13 శాతం పైచిలుకు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు వీళ్ళలో చాలా ఎక్కువ. ఇంట్లో తెలుగో, తమిళమో, బెంగాలీయో మాట్లాడే పిల్లలు గ్రౌండ్‌లోకి దిగాక మాత్రం పాస్ ఇవ్వమని హిందీలోనే కేకలేసుకుంటారు.

ఇలాంటి చోట అండర్-13 ఫుట్‌బాల్ మ్యాచ్ ఎలా ఉంటుందో, చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఒక జట్టులో నూనూగు మీసాలు మొలుస్తున్న పొడుగు కుర్రాడు ఒకడుంటాడు. వెనకనుంచి ఎవరో బంతిని ఎత్తి కొడతారు, వీడు నలుగురిని తోసుకుంటూ పరుగెత్తి గోల్ వేస్తాడు. అతణ్ణి ఆపాల్సిన బ్యాక్ అతని భుజం దాకా కూడా రాడు. ఇక గట్టు మీద గొడవ మొదలు: "వాడికి పదిహేనేళ్ళుంటాయి, బర్త్ సర్టిఫికెట్ చూపించండి!"

ఒక్కోసారి ఆ అనుమానం నిజమే. వయసు దొంగ లెక్కలు మన క్రీడలకి పాత జబ్బు. అండర్-17 ప్రపంచ కప్‌లో ఫిఫా 2009 నుంచి ఆటగాళ్ళ మణికట్టుకి ఎమ్మారై తీయిస్తోంది. మణికట్టు దగ్గర ఎముక చివర ఎదుగుదల పొర ఒకటి ఉంటుంది. అది పూర్తిగా అతుక్కుపోయిందంటే కుర్రాడు పదిహేడు దాటి ఉండడానికే అవకాశం ఎక్కువ. అయితే సర్టిఫికెట్లన్నీ సవ్యంగా ఉన్నా ఆ పొడుగు, ఆ పొట్టి తేడా అలాగే ఉంటుంది. అసలు విషయం అక్కడే ఉంది.

మగపిల్లలు ఒక్కసారిగా పొడుగు సాగే దశ సగటున పదమూడున్నర, పద్నాలుగేళ్ళ మధ్య వస్తుంది. ఆ జోరులో ఏడాదికి 9, 10 సెంటీమీటర్లు పెరుగుతారు. ఆడపిల్లలకి ఈ దశ దాదాపు రెండేళ్ళు ముందే వచ్చేస్తుంది. సగటు అలా ఉన్నా, కొందరికి పన్నెండుకే వస్తుంది, కొందరికి పదిహేను దాటాక గానీ రాదు. అందుకే ఒకే క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పదమూడేళ్ళ పిల్లల శరీరాల మధ్య నాలుగేళ్ళ తేడా ఉండొచ్చు.

దీనికి పుట్టిన నెల కూడా తోడవుతుంది. పిల్లల విభాగాలకి సాధారణంగా జనవరి 1 గీత. జనవరిలో పుట్టినవాడూ, అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడూ ఒకే విభాగంలో ఆడతారు. పదకొండు నెలలంటే పెద్దవాళ్ళకి లెక్కలోకి రాదు గానీ పదేళ్ళవాడికి అది బతికిన బతుకులో దాదాపు పదో వంతు. 1980ల్లో కెనడా ఐస్ హాకీలో పరిశోధకులు ఈ సంగతి మొదట పట్టుకున్నారు: మంచి జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టినవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. బెల్జియం అనుభవం ఇంకా తమాషా. అక్కడ ఫుట్‌బాల్‌లో ఈ గీతని 1997లో ఆగస్టు 1 నుంచి జనవరి 1కి జరిపారు. మరుసటి సీజన్‌కల్లా పిల్లల జట్లలో ఆగస్టు బిడ్డల ఆధిక్యం పోయి జనవరి బిడ్డలది వచ్చింది. పిల్లలు వాళ్ళే, కోచ్‌లు వాళ్ళే. మారింది కాగితం మీద తేదీ ఒక్కటే. ఏళ్ళ తరబడి 'వీడిలో టాలెంట్ ఉంది' అంటూ ఎంపిక చేసినవాళ్ళు తమకి తెలియకుండా క్యాలెండర్‌నే ఎంపిక చేశారన్నమాట.

నష్టం పొట్టివాడికే అనుకుంటాం. నన్నడిగితే పొడుగువాడికి అయ్యేది ఇంకా ఎక్కువ. తోసుకుపోతే గోల్ వచ్చేస్తున్నప్పుడు ఎడమ కాలితో తన్నడం ఎందుకు నేర్చుకుంటాడు, తల ఎత్తి పక్కవాణ్ణి ఎందుకు చూస్తాడు? అండమాన్‌లో వానలు మే నుంచి డిసెంబరు దాకా కురుస్తూనే ఉంటాయి, ఏడాది మొత్తం మీద మూడు వేల మిల్లీమీటర్ల దరిదాపుల్లో. బురద గ్రౌండ్‌లో నేల మీద ఇచ్చిన పాస్ మధ్యలోనే ఆగిపోతుంది కాబట్టి బలమున్నవాడిదే రాజ్యం. నాలుగేళ్ళు గడిచాక మిగిలినవాళ్ళు కూడా పొడుగవుతారు. అప్పుడు ఈ కుర్రాడి చేతిలో ఏ విద్యా ఉండదు.

ఈ చిక్కుకి మన హైదరాబాద్‌లో ఒక బడిపంతులు ఏనాడో విరుగుడు కనిపెట్టాడు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. కుర్రాళ్ళకి డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టాడు. బంతి అందితే దాంతో ఊరేగకూడదు, వెంటనే ఇంకొకరికి అందించాలి. వాటం లేని కాలితోనే తన్నాలన్న షరతుతో మరికొన్ని పోటీలు నడిపాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ ఒలింపిక్స్‌లోనూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లోనూ ఆడాడు.

రహీం సాబ్ షరతుల్లో ఉన్న కిటుకు ఏమిటంటే, బంతి వచ్చాక ఆలోచిద్దామంటే కుదరదు. అది కాలికి తగలకముందే ఎవడు ఎక్కడున్నాడో చూసిపెట్టుకోవాలి. నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ ఆటగాళ్ళని దగ్గరగా చూపించే వీడియోల్లో, బంతి అందేముందు వాళ్ళ తలలు ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతున్నాయో లెక్కపెట్టాడు. ఎక్కువగా చూసుకునేవాళ్ళ పాస్‌లే ఎక్కువగా చేరాల్సినవాడికి చేరుతున్నాయని తేలింది. గోడకి కొట్టి బంతి ఆపడం ఒంటరిగా నేర్చుకోవచ్చు, ఈ చూపు మాత్రం పక్కన జట్టు ఉంటేనే పదునెక్కుతుంది. ఇలా చూసుకోవడానికి పొడుగుతోనూ బలంతోనూ పని లేదు.

ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ అకాడమీలు ఇంకో దారి పట్టాయి. పుట్టిన తేదీని పక్కనపెట్టి, ఎదుగుదలని బట్టి పిల్లల్ని జతచేసి ఆడించాయి. నాలుగు క్లబ్బుల నుంచి 11-14 ఏళ్ళ పిల్లల్లో, పెద్దయ్యాక రాబోయే ఎత్తులో 85 నుంచి 90 శాతం చేరినవాళ్ళని ఒక చోట చేర్చారు. ముందే ఎదిగిన పిల్లలు ఆట కష్టమైందనీ, బలం పనిచేయక పాస్‌ల మీద ఆధారపడ్డామనీ చెప్పారు. ఆలస్యంగా ఎదిగేవాళ్ళు ఇన్నాళ్ళకి మా ఆట చూపించే అవకాశం దొరికిందన్నారు.

రాబోయే ఎత్తుని అంచనా వేసే అకాడమీల లెక్క కాస్త జటిలం. డాక్టర్లు వాడే తేలిక లెక్క ఒకటుంది, బతు బస్తీ కోచ్ కాగితం మీద వేసేసుకోవచ్చు. మగపిల్లవాడికైతే నాన్న ఎత్తు, అమ్మ ఎత్తు కూడి, దానికి 13 సెంటీమీటర్లు కలిపి, సగం చేయాలి. ఆడపిల్లకి 13 తీసేయాలి. నాన్న 168, అమ్మ 155 అనుకుందాం. అబ్బాయి సుమారు 168 అవుతాడు. ఇప్పుడు 148 ఉంటే 88 శాతం దగ్గర ఉన్నాడు, పెరగాల్సింది ఇంకా బోలెడుంది. నాన్న 170, అమ్మ 157 అయిన ఇంకొకడు 170 అవుతాడు. వాడు ఇప్పుడే 163 ఉన్నాడంటే 96 శాతం అయిపోయింది. ఇందులో ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు అటూ ఇటూ అవ్వొచ్చు, కాబట్టి దీన్ని పట్టుకుని ఎవరి జాతకమూ రాయకూడదు. ఎవణ్ణి ఎవడితో పోల్చకూడదో తెలుసుకోవడానికి మాత్రం సరిపోతుంది. ఎత్తు కొలిచేది చెప్పుల్లేకుండా, ఎప్పుడూ ఉదయం పూటే. సాయంత్రానికి వెన్నుపూసల మధ్య మెత్తలు నొక్కుకుపోయి మనిషి సెంటీమీటరు దాకా తగ్గుతాడు.

మూడు నెలలకోసారి ఇలా కొలిస్తే ఇంకో లాభం ఉంది. ఎత్తు జోరందుకున్న నెలల్లో పాదాలు, కాళ్ళు ముందు సాగుతాయి, మొండెం తర్వాత. నిన్నటిదాకా చక్కగా ఆడిన కుర్రాడు తన కాళ్ళు తనకే తట్టుకుని పడుతుంటాడు. మోకాలి చిప్ప కింద బుడిపెలా లేచి నొప్పి పుడుతుంది, లేదా మడమ నొక్కితే చురుక్కుమంటుంది. కండరం లాగుతున్న చోట ఎముక ఇంకా లేతగా ఉండడమే దీనికి కారణం. వాణ్ణి బద్ధకస్తుడని తిట్టి రౌండ్లు కొట్టించే బదులు కొన్ని వారాలు గెంతడం, పరుగు తగ్గించాలి.

ఆడపిల్లల మోకాళ్ళకి అదనపు జాగ్రత్త కావాలి. మోకాలి లోపలి బంధం తెగడం వాళ్ళలో మగపిల్లలకంటే ఎక్కువ. నార్వేలో 13-17 ఏళ్ళ అమ్మాయిలు దాదాపు 1,900 మందితో చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. ఆటకి ముందు ఇరవై నిమిషాల పాటు పరుగు, ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం, గెంతి మోకాలు లోపలికి వంగకుండా దిగడం వంటివి చేయిస్తే గాయాలు మూడో వంతు దాకా తగ్గాయి. ఫిఫా 11+ పేరుతో ఇప్పుడు ప్రపంచమంతా చేయిస్తున్నది ఇదే. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కి ఆడిన గుగులోత్ సౌమ్య పేరు విని గ్రౌండ్‌కొచ్చే అమ్మాయిలకి ముందు నేర్పాల్సింది గోల్ కొట్టడం కాదు, గెంతి సరిగ్గా దిగడం. దానికి బూట్లూ, గోల్ పోస్టులూ కూడా అక్కర్లేదు. వాన పడుతున్న రోజున బడి వరండాలోనైనా చేయించొచ్చు.