ఇంటి కుక్కకూ పాడి గేదెకూ వైద్యం ఎవరి దగ్గర?

బనగానపల్లె చుట్టుపక్కల పల్లెల్లో పాడి ఉన్న ఇంట కుక్క కూడా ఉండటం మామూలే. రాత్రి కొట్టం ముందు పడుకునేది అదే, మామిడి తోటకు కాపలా కాసేది అదే, గొర్రెల మంద వెంట కొండకు పోయేదీ అదే. గింజల గాదె దగ్గర ఎలుకల బాధకు పిల్లి సరేసరి. గేదెకు జబ్బు చేస్తే ఆ పూట పాలు తగ్గగానే మనకు తెలిసిపోతుంది, వెంటనే వైద్యానికి పరుగెత్తుతాం. కుక్క రెండు రోజులు కూడు ముట్టకపోతే మాత్రం "అదే సర్దుకుంటుందిలే" అని ఊరుకుంటాం. కుక్క పాలివ్వదు కనుక దాని వైద్యం మన లెక్కలోకి రాదు.

ఈ లెక్క సరైనది కాదు. కుక్క, గేదె, పసిపిల్లలు ఒకే వాకిట్లో తిరుగుతారు. కుక్కకు వేయించని ఒక్క టీకా వల్ల ఈనిన గేదె పోవచ్చు, ఇంటి మనిషీ పోవచ్చు. అందుచేత ఇంట్లో ఉన్న జంతువులన్నిటికీ వైద్యం ఎక్కడెక్కడ దొరుకుతుంది, ఎవరి దగ్గర ఏ పని అవుతుంది, ఎక్కడ పొరపాటు జరుగుతుంది అనే సంగతులను సంఘ సభ్యుల కోసం ఇక్కడ వివరిస్తున్నాం.

ఎవరి వైద్యం దేనికి?

1. ప్రభుత్వ పశువైద్యశాల: బనగానపల్లెలోని పశువైద్యశాల మనకు అన్నిటికంటె దగ్గరి ఆధారం. ఇక్కడ చదువుకొని రిజిస్టరైన డాక్టరు ఉంటారు. గేదెతోపాటు కుక్కను, పిల్లిని కూడా చూపించవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు. కుక్కను తీసుకుపోతే నవ్వుతారేమోనని వెనుకాడతారు. నవ్వేవారెవరూ లేరు. ఇబ్బందల్లా వేళలే. ఉదయం పాలు పోసి, కుక్కను మెడతాడుతో పట్టుకొని, మూతికి గుడ్డ కట్టి తీసుకుపోతే పని సులువుగా అవుతుంది. ఎగశ్వాసతో ఉన్న కుక్కకు మాత్రం మూతి బిగించి కట్టరాదు.

2. గ్రామంలోని సహాయకులు, గోపాలమిత్రలు: 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన చోట పశుసంవర్ధక సహాయకులు పనిచేస్తున్నారు. గోపాలమిత్రలు అంతకు ముందునుంచీ ఎద సూదులు వేస్తున్నారు. పిలిస్తే వెంటనే వస్తారు, ఇది వారి వల్ల పెద్ద ప్రయోజనం. కృత్రిమ గర్భధారణకు, టీకాలకు, నట్టల మందుకు, చిన్న గాయాలకు వీరి సేవ చాలు. అయితే 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పూర్తి స్థాయి వైద్యం చేసే అధికారం రిజిస్టరైన పశువైద్యునికే ఉంది. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవారు ప్రభుత్వం అనుమతించిన చిన్న సేవలను డాక్టరు పర్యవేక్షణలో చేయాలి. కనుక రెండు సూదులకు తగ్గని జబ్బుకు మూడో సూది అడగకుండా డాక్టరును అడగడం మంచిది.

3. సంచార వైద్య వాహనం: 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే ఈ వాహనాలు మన రాష్ట్రంలో 2022 మే నుంచి నియోజకవర్గాల వారీగా తిరుగుతున్నాయి. డాక్టరు, సహాయకుడు, డ్రైవరు ఉంటారు. పశువును పైకెక్కించే లిఫ్టు కూడా ఉంటుంది. లేవలేని గేదెకు, ఈనలేక అవస్థపడే ఆవుకు ఇది వరం. ఫోను చేసేటప్పుడు ఊరు, గుర్తు, పశువు స్థితి, ఎన్ని గంటలుగా బాధపడుతున్నదీ స్పష్టంగా చెప్పాలి. కుక్క కోసమైతే వస్తారో రారో ఆ ఫోనులోనే అడిగి తెలుసుకోవాలి.

4. పట్టణాల్లోని ప్రైవేటు డాక్టర్లు: నంద్యాల, కర్నూలు వంటి పట్టణాల్లో కుక్కలను, పిల్లులను ప్రత్యేకంగా చూసే డాక్టర్లు ఉంటారు. ఖర్చు ఎక్కువే. కాని కుక్కపిల్ల రక్త విరేచనాలు, ఆడకుక్క కాన్పు కష్టం వంటివి ఆలస్యానికి ఆగవు. డాక్టరుకు పశువైద్య మండలి రిజిస్ట్రేషను ఉన్నదా అని అడగడం తప్పేమీ కాదు.

5. పశువైద్య కళాశాల: కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా పోతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద 2008లో ఏర్పడింది. అక్కడి ఆసుపత్రిలో విద్యార్థులకు నేర్పుతూ వైద్యం చేస్తారు కనుక ఆపరేషన్లు, చిక్కు జబ్బులు అక్కడ చూపించవచ్చు. స్థానిక డాక్టరు చీటీ రాయించుకొని, ఇంతవరకు వాడిన మందుల పేర్లు వెంట తీసుకుపోతే పని త్వరగా అవుతుంది.

6. నాటు వైద్యం: నాటు వైద్యమంతా చెడ్డదని ఎవరూ అనరు. పొదుగువాపుకు కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు నూరి, నీళ్ళలో కలిపి పొదుగుకు రోజుకు పలుమార్లు పూయడాన్ని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి కూడా పాల సంఘాలకు చెబుతున్నది. జ్వరం ఉండి మేత మానిందంటే మాత్రం దానితో ఆగక డాక్టరుకు చూపాలి. ఇక వాతలు పెట్టడం, మేత మానిన పశువుకు గొట్టంతో బలవంతాన మందు పోయడం మేలు చేయవు. వాత కాలిన చోట పుండు పడుతుంది. పోసిన మందు ఊపిరితిత్తుల్లోకి పోతే పశువు దక్కదు.

7. మందుల షాపు: ఇది వైద్యం కాదు, అయినా చాలామందికి మొదటి వైద్యశాల ఇదే. మనుషుల మాత్రలు జంతువులకు పనికిరావు. పిల్లి ప్రాణం తీయడానికి ఒక్క పారాసిటమాల్ మాత్ర చాలు. నొప్పి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి. పత్తికి, మిరపకు కొట్టే పురుగుమందును పిడుదులు పోవాలని కుక్క మీద, గేదె మీద పోయడం మన దిక్కు వాడుకే. ఒళ్ళు నాకుకున్న కుక్క నురగలు కక్కి చస్తుంది, గేదె పాలలోకీ మందు దిగుతుంది. పిడుదులకు జంతువుల కోసం తయారైన మందే డాక్టరు చెప్పిన పాళ్ళలో వాడాలి.

ఇంకొక సంగతి. పశువులకు డైక్లోఫెనాక్ వాడటాన్ని కేంద్ర ప్రభుత్వం 2006లో నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్‌ను, ఎసిక్లోఫెనాక్‌ను కూడా నిషేధించింది. ఈ మందులు పడిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు చచ్చిపోవడమే కారణం. రాబందులు తగ్గిన తరువాత ఆ కళేబరాల మీద ఊరకుక్కలు పెరిగాయని పరిశోధకులు చెప్పారు. షాపులో కొన్న సూదిమందు తిరిగి తిరిగి మన వాకిట్లో పిచ్చికుక్క రూపంలో నిలబడవచ్చునన్నమాట.

పోల్చి చూసుకోవడానికి నాలుగు ప్రశ్నలు

వైద్యుని ఫీజు ఒక్కటే చూసి మంచి చెడ్డలు తేల్చకూడదు. ఈ నాలుగూ అడగండి.

ఒకటి, ఆయన చదువేమిటి, డాక్టరా, సహాయకుడా? రెండు, పశువును ముట్టి, జ్వరం చూసి, పేడ, కంటిపొర చూసి సూది వేశారా, లేక రాగానే సూది తీశారా? మూడు, టీకా ఎక్కడినుంచి తెచ్చారు? టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. మన ఎండల్లో చొక్కా జేబులో పెట్టుకొచ్చిన టీకా వేయించినా వేయించనట్టే. ఐసు డబ్బా చూపమని అడగండి. నాలుగు, ఏ మందు వేసిందీ, ఎన్ని రోజుల పాలు సంఘానికి పోయకూడనిదీ కాగితం మీద రాసిచ్చారా? ఈ నాలుగింటికీ సరైన జవాబు వచ్చిన చోటే మనకు మంచి వైద్యం.

"గొంతులో ఏదో అడ్డం పడింది"

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతున్నాం. ఒక ఇంట ఇలా జరిగిందనుకోండి. గేదె మేత ముట్టదు, నీళ్ళు మింగలేదు, నోటినుంచి చొంగ తీగలుగా కారుతుంది. "బర్రెకు గొంతులో ఏదో అడ్డం పడింది" అని ఇంటాయన నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతాడు. ఏమీ దొరకదు. పొరుగాయన కూడా వచ్చి చెయ్యి పెడతాడు. మరునాడు గేదె గొంతు మారి అదేపనిగా అరుస్తుంది, పక్క పశువుల మీదికి ఎక్కబోతుంది. "ఎదకొచ్చింది" అని సూది వేసేవారికి కబురు పోతుంది. తరువాత నడుము పడిపోయి, వారం లోపలే గేదె చనిపోతుంది. నెలా రెండు నెలల కిందట ఒక కుక్క దాన్ని కరిచిన సంగతి అప్పుడు గుర్తుకొస్తుంది.

ఇది రేబిస్. గొంతు కండరాలు పట్టు తప్పడం వల్లనే పశువు మింగలేదు, అడ్డం పడింది ఏదీ ఉండదు. ఈ వ్యాధి చొంగలోనే ఉంటుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా దానిగుండా మనిషికి ఎక్కవచ్చు. లక్షణాలు బయటపడిన తరువాత పశువుకు గాని మనిషికి గాని మందు లేదు. కనుక మింగలేక చొంగ కార్చే ఏ పశువు నోట్లోనూ, ఏ కుక్క నోట్లోనూ ఒట్టి చెయ్యి పెట్టకండి. దూరంగా కట్టేసి డాక్టరును పిలవండి. చెయ్యి పెట్టినవారు ఉంటే సబ్బుతో కడుక్కొని, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

కుక్క కరిచిన వెంటనే చేయవలసిన పని మనిషికైనా గేదెకైనా ఒకటే. గాయాన్ని సబ్బు రాసి, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, జిల్లేడు పాలు పెట్టకూడదు. మనిషి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోయి, చెప్పిన తేదీలన్నిటికీ టీకా వేయించుకోవాలి. గాయం లోతైతే గాయం చుట్టూ ఇచ్చే మరొక మందు కూడా ఉంటుంది. ఆకుమందు తిని పథ్యం ఉంటే చాలునని ఎవరు చెప్పినా వినవద్దు. కరిచిన కుక్కలన్నిటికీ రేబిస్ ఉండదు కనుక కొందరు ఆకుమందుతో బతికినట్టు కనబడతారు. గేదెకు కరిచిన రోజు మొదలు 3, 7, 14, 28 రోజులకు టీకాలు వేయించాలి. డాక్టరు చెబితే 90వ రోజున కూడా వేయించాలి. కరిచిన కుక్క కనబడేదైతే కట్టేసి 10 రోజులు గమనించాలి. కాని టీకా మొదలుపెట్టడానికి ఆ 10 రోజులూ ఆగకూడదు.

రేబిస్ అనుమానం ఉన్న పశువు పాలు సంఘానికి పోయవద్దు, ఇంట్లోనూ వాడవద్దు. కాచిన పాలలో ఈ వ్యాధి బతకదు కనుక కాచి తాగినవారు భయపడనక్కరలేదు. పచ్చిపాలు తాగినవారు డాక్టరును అడగాలి.

ఇంత బాధకూ అడ్డుకట్ట కుక్కకు వేసే టీకా. మూడు నెలల వయసులో మొదటి టీకా, నెల తరువాత మరొకటి, ఆపైన ఏడాదికొకటి. 1885 జులై 6న లూయీ పాశ్చర్ ఒక పిల్లవానికి మొదటిసారి రేబిస్ టీకా వేశాడు. ఆ గుర్తుగా ఏటా జులై 6న పశుసంవర్ధక శాఖ కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తున్నది. ఈ టీకా మనకు పరాయిది కూడా కాదు. మనుషులకూ జంతువులకూ రేబిస్ టీకాలు తయారు చేసే హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను 1980ల మొదట్లో నెలకొల్పినది జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలే.

కుక్కకు నట్టల మందు కూడా

గొర్రెలు ఎక్కువగా ఉన్న మన మెట్ట ఊళ్ళలో మరొక జాగ్రత్త అవసరం. చచ్చిన గొర్రె తలకాయను, కోసిన గొర్రె పేగులను, కార్జాన్ని పచ్చిగా కుక్కకు వేస్తాం. వాటిలోని నీటి బుడగలు కుక్క కడుపులో బద్దె పురుగులవుతాయి. వాటి గుడ్లు పేడలో, గడ్డిలో కలిసి మళ్ళీ గొర్రెకు, గేదెకు, మనిషికి చేరతాయి. గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరిగి పడిపోవడానికీ, మనిషి కార్జంలో నీటిగడ్డ రావడానికీ ఇదే దారి. పనికిరాని భాగాలను లోతుగా పూడ్చాలి, లేదా బాగా ఉడికించి వేయాలి. కుక్కకు ఏ నట్టల మందు, ఎన్నాళ్ళకొకసారి అన్నది డాక్టరును అడిగి వేయించాలి.

సంఘాలు చేయదగిన పని

ప్రతి పాల సంఘం కార్యదర్శి ఒక పుస్తకంలో సభ్యుల ఇళ్ళలోని కుక్కల వివరాలు రాసి ఉంచితే మంచిది. ఎవరింట ఎన్ని కుక్కలు, టీకా ఎప్పుడు వేశారు, మళ్ళీ ఎప్పుడు వేయాలి అన్న మూడు గడులు చాలు. జూన్ నెలలోనే ఈ పట్టీ పశువైద్యశాలకు ఇచ్చి, జులై 6 నాటికి ఊరికే వచ్చి టీకాలు వేయమని కోరవచ్చు. పాలు పోసే గది గోడ మీద పశువైద్యశాల ఫోను నంబరు, 1962 నంబరు పెద్ద అక్షరాలతో రాయించాలి. గాయం కడగడానికి ఒక సబ్బు కూడా అక్కడే ఉంచాలి.

గేదెకు గాలికుంటు టీకా వేయించే సభ్యుడు ఆ ఏడాదే కుక్కకూ రేబిస్ టీకా వేయించాలి. రేపు ఉదయం పాలు పోయడానికి వచ్చినప్పుడు మీ కుక్కకు టీకా వేసి ఎన్నాళ్ళయిందో కార్యదర్శికి చెప్పి రాయించండి.