క్రాక్ వేస్తే కంప్యూటర్ ఎందుకు చెడుతుంది? ఎలా బాగవుతుంది?

2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రామ్) కృష్ణా, గుంటూరు జిల్లాల పోలీసు కంప్యూటర్లనూ తాకింది. దాన్ని అడ్డుకునే విండోస్ అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. అది వేసుకోని కంప్యూటర్లే చిక్కాయి.

ఒక్క అప్‌డేట్ లేకపోతేనే ఇంత ముప్పు! డబ్బు కట్టకుండా వాడేందుకు లైసెన్స్ తాళం విరిచిన క్రాక్ సాఫ్ట్‌వేర్ ఇంకో అడుగు ముందుకేసి ‘ముందు యాంటీవైరస్ ఆపేయండి’ అంటుంది. ఆపామా, కాపలావాణ్ని మనమే పంపేసినట్టు! స్టాప్ అనే రాన్సమ్‌వేర్ ఎక్కువగా ఈ దారినే వచ్చింది. అది సోకితే ఫొటో పేరు చివర ‘.డీజేవీయూ’ లాంటి తోక మొలుస్తుంది, నొక్కితే తెరుచుకోదు.

ఇలా జరిగితే వెంటనే వైఫై ఆపాలి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లో మార్చాలి. తాళంపడ్డ ఫైళ్లను పారేయొద్దు: ‘నో మోర్ రాన్సమ్’ సైట్‌లో కొన్నిటికి తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి. ఫొటోలు, నోట్సు వేరే డిస్క్‌లోకి తీసుకుని, డ్రైవ్ మొత్తం చెరిపేసి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మరో కంప్యూటర్‌లో దించిన విండోస్‌నే మళ్లీ వేయాలి. పాత సెటప్ ఫైళ్లు మాత్రం వెనక్కి తేకూడదు.